క్యూప్రేట్లలో పరాయి పరమాణువులు: అయస్కాంతత్వం, అతివాహకతపై తరచుగా అడిగే ప్రశ్నలు

క్యూప్రేట్ల గురించి చదవడం మొదలుపెట్టిన వాళ్ళు దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోతారు. అయస్కాంత గుణం లేని జింక్ రాగి స్థానంలోకి వచ్చి అతివాహకతను, అంటే విద్యుత్తు ఏ నిరోధమూ లేకుండా పారే గుణాన్ని, చంపేస్తుంది. అయస్కాంత గుణం ఉన్న నికెల్ అదే స్థానంలోకి వచ్చినా అంత నష్టం చేయదు. అంతకుముందు పుస్తకాల్లో నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు. కింద ఉన్న ప్రశ్నలన్నీ ఏదో ఒక విధంగా ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతాయి. నా మటుకు నేను వచ్చిన పరమాణువు కన్నా పోయిన పరమాణువు గురించే ముందు ఆలోచిస్తాను. అలా చూస్తే చాలా సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి.

క్యూప్రేట్ అంటే ఏమిటి?

రాగి, ఆక్సిజన్ పొరలు పొరలుగా అమరిన సమ్మేళనం. ఒక్కో పొరలో రాగి పరమాణువులు చదరంగం పలక గళ్ళలా వరుస తీరి ఉంటాయి. ప్రతి రెండు రాగి పరమాణువుల మధ్య ఒక ఆక్సిజన్ ఉంటుంది. పొరకీ పొరకీ నడుమ లాంథనమ్, బేరియం, యిట్రియం, బిస్మత్ వంటి మూలకాలు ఉంటాయి. 1986లో ఐబీఎం వారి జ్యూరిక్ ప్రయోగశాలలో బెడ్నోర్జ్, ముల్లర్ లాంథనమ్-బేరియం క్యూప్రేట్‌లో 30 కెల్విన్‌లకు పైనే అతివాహకత మొదలవడం గమనించారు. మరుసటి ఏడాదే యిట్రియం-బేరియం క్యూప్రేట్ 90 కెల్విన్‌లు దాటింది. అంటే 77 కెల్విన్‌ల దగ్గర మరిగే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచినా చాలు. అదే ఏడాది, 1987లో, ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఏమీ కలపకపోతే క్యూప్రేట్ ఎలా ఉంటుంది?

విద్యుత్తును ప్రసరింపజేయదు. ఈ సంగతి వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. లాంథనమ్ క్యూప్రేట్‌నే తీసుకోండి. ప్రతి రాగి అయాన్ మీద జత కుదరని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది, దాని స్పిన్ (ఎలక్ట్రాన్‌ను ఒక చిన్న అయస్కాంతంలా చేసే సహజ గుణం) సగం. మామూలు లెక్క ప్రకారం ఇది లోహం కావాలి. కానీ ఒకే రాగి మీద రెండు ఎలక్ట్రాన్లు చేరితే వాటి మధ్య వికర్షణ విపరీతంగా ఉంటుంది కాబట్టి ఏ ఎలక్ట్రాన్ ఇల్లు వదిలి కదలదు. దీన్నే మాట్ ఇన్సులేటర్ అంటారు.

కదలకపోయినా అవి పక్కవాటిని పట్టించుకోకుండా ఉండవు. ఒక స్పిన్ పైకి చూస్తే పక్కది కిందికి, దాని పక్కది మళ్ళీ పైకి. ఈ అమరిక పేరు యాంటీఫెర్రోమాగ్నెటిజం. లాంథనమ్ క్యూప్రేట్‌లో ఇది సుమారు 325 కెల్విన్‌ల దాకా, అంటే గది ఉష్ణోగ్రత దాటాక కూడా నిలుస్తుంది. పక్కపక్క స్పిన్‌ల మధ్య పట్టును ఉష్ణోగ్రతలో చెప్పాలంటే దాదాపు 1500 కెల్విన్‌లు. ఇది చాలా గట్టి పట్టు. జింక్ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో తెలియాలంటే ఈ పట్టును గుర్తుపెట్టుకోవాలి.

మాలిన్యం అంటే మురికేనా? డోపింగ్‌కీ దీనికీ తేడా ఏమిటి?

ఆ పేరు వల్లే ఈ సందేహం వస్తుంది. ఇక్కడ మాలిన్యం అంటే కావాలని, లెక్కపెట్టి కలిపిన పరాయి పరమాణువు.

పొరల బయట, లాంథనమ్ ఉండాల్సిన చోట స్ట్రాన్షియం పెడితే పొరలో ఒక ఎలక్ట్రాన్ తగ్గుతుంది. ఆ ఖాళీని హోల్ అంటారు, అది పొరలో అటూ ఇటూ తిరుగుతుంది. ఈ పని పేరు డోపింగ్. లాంథనమ్ క్యూప్రేట్‌లో రాగి ఒక్కింటికి సుమారు 0.05 హోల్స్ చేరాక అతివాహకత మొదలవుతుంది, 0.16 దగ్గర బాగా బలంగా ఉంటుంది, 0.27 దగ్గరికి వచ్చేసరికి పోతుంది. పొరలోని రాగినే తీసేసి దాని చోట జింక్‌నో నికెల్‌నో పెట్టడం వేరే సంగతి. ఇవి రెండూ రాగిలాగే రెండు ధనావేశాలు ఉన్న అయాన్లు కాబట్టి హోల్స్ సంఖ్య పెద్దగా మారదు, పొర మాత్రం ఒకచోట దెబ్బతింటుంది.

ఆ మాటకొస్తే స్ట్రాన్షియం కూడా ఒక మాలిన్యమే. దాని పరిమాణం లాంథనమ్ పరిమాణంతో సరిపోదు, చుట్టూ జాలకం కొద్దిగా వంగుతుంది. ఈ బయటి అలజడి కూడా అతివాహక ఉష్ణోగ్రతను, అంటే అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రతను, తగ్గిస్తుందని పరిశోధనలు చూపాయి. పొరలోపలి దెబ్బతో పోలిస్తే ఇది చాలా చిన్నది.

మామూలు అతివాహకాల్లో మాలిన్యాలు ఏం చేస్తాయి?

సీసం, అల్యూమినియం లాంటి పాత తరహా అతివాహకాల్లో ఎలక్ట్రాన్లు కూపర్ జంటలుగా నడుస్తాయి. జంటలో ఒకదాని స్పిన్ పైకి, రెండోదాని స్పిన్ కిందికి. అయస్కాంత గుణం లేని మాలిన్యం జంటలోని రెండింటినీ ఒకేలా తాకుతుంది కాబట్టి జంట విడిపోదు. 1959లో ఫిలిప్ ఆండర్సన్ దీన్ని సిద్ధాంతంగా నిరూపించారు. అయస్కాంత మాలిన్యం అలా కాదు. దానికి రెండు స్పిన్‌లూ ఒకటి కావు, అందుకే జంటను చీల్చేస్తుంది. ఈ చీల్చడాన్ని లెక్కకట్టిన వాళ్ళు సోవియట్ శాస్త్రవేత్తలు అబ్రికోసోవ్, గోర్కోవ్. అంతకుముందే 1958లో బెర్న్డ్ మథియాస్ బృందం లాంథనమ్ లోహంలో గాడోలినియం అనే అయస్కాంత మూలకాన్ని కలిపి చూసింది. సుమారు ఒక శాతానికే అతివాహకత అంతరించింది.

కాబట్టి 1986కి ముందు నియమం స్పష్టంగా ఉండేది: అయస్కాంతం కానిది మిత్రుడు, అయస్కాంతమైనది శత్రువు.

మరి క్యూప్రేట్లలో అయస్కాంతం కాని జింక్ ఎందుకు అంత నష్టం చేస్తుంది?

ముందు నష్టం ఎంతో చూద్దాం. యిట్రియం-బేరియం క్యూప్రేట్‌లో ఒక శాతం రాగిని తీసి జింక్ పెడితే అతివాహక ఉష్ణోగ్రత సుమారు 10 కెల్విన్‌లు పడిపోతుంది. లాంథనమ్-స్ట్రాన్షియం క్యూప్రేట్‌లో రెండు మూడు శాతం జింక్ చేరితే అతివాహకత మొత్తమే పోతుంది.

కారణం జంటల తీరులో ఉంది. పాత అతివాహకాల్లో జంటను విడదీయడానికి కావాల్సిన శక్తి, దీన్నే గ్యాప్ అంటారు, ఎలక్ట్రాన్ ఏ దిశలో వెళ్ళినా ఇంచుమించు ఒకటే. క్యూప్రేట్లలో అది నాలుగు రెక్కల పువ్వులా ఉంటుంది. ఒక రెక్క గుర్తు ప్లస్ అయితే పక్క రెక్కది మైనస్. రెక్కకూ రెక్కకూ మధ్య గ్యాప్ సున్నా. దీన్ని డి-వేవ్ అంటారు. ఇల్లినాయ్‌లో వాన్ హార్లింజెన్ బృందం 1993లో, ఐబీఎంలో సుయే, కర్ట్‌లీ 1994లో చేసిన ప్రయోగాలు ఈ ప్లస్, మైనస్ గుర్తులను నేరుగా పట్టుకున్నాయి.

ఇప్పుడు ఒక ఎలక్ట్రాన్ ప్లస్ రెక్క దిశలో వెళ్తూ జింక్‌ను గుద్దుకుని మైనస్ రెక్క దిశకు తిరిగిందనుకోండి. ప్లస్సూ మైనస్సూ కలిసి సున్నా అయిపోతాయి. గుద్దుకున్న వస్తువుకు అయస్కాంత గుణం ఉందా లేదా అన్నది ఇక్కడ అవసరమే లేదు, దిశ మారిస్తే చాలు. ఆండర్సన్ ఇచ్చిన రక్షణ డి-వేవ్‌లో పనిచేయదు. పైగా జింక్ మామూలు అడ్డంకి కాదు. ఒక పరమాణువు ఎలక్ట్రాన్‌ను ఎంత గట్టిగా చెదరగొట్టగలదో దాదాపు అంత గట్టిగానూ అది చెదరగొడుతుంది.

దీనికి అందమైన సాక్ష్యం ఒకటి ఉంది. అయస్కాంత క్షేత్రం అతివాహకంలోకి ఎంత లోతు చొచ్చుకుపోతుందో కొలిస్తే, శుద్ధమైన యిట్రియం క్యూప్రేట్‌లో ఆ లోతు తక్కువ ఉష్ణోగ్రతల దగ్గర సరళరేఖలా పెరుగుతుందని వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం బృందం 1993లో చూపింది. డి-వేవ్ ఉంటే రావాల్సింది అదే. అందులో 0.3 శాతం చుట్టూ జింక్ కలిపితే చాలు, సరళరేఖ పోయి ఉష్ణోగ్రత వర్గాన్ని అనుసరించే వంపు వస్తుంది. అంత కొంచెం జింక్‌కే గ్యాప్ సున్నాగా ఉన్న చోట్ల కొత్త ఎలక్ట్రాన్ స్థితులు పుట్టుకొస్తాయి.

ఇంకో రకంగా చూసినవాళ్ళూ ఉన్నారు. 1996లో మ్యూఆన్లు అనే సూక్ష్మ కణాలను వాడిన కొలతలతో ఒక బృందం, ప్రతి జింక్ తన చుట్టూ కొద్ది నానోమీటర్ల మేర అతివాహకతను పూర్తిగా తుడిచేస్తుందని అనుకుంటే లెక్క చక్కగా కుదురుతుందని చూపింది. చిల్లులు చిల్లులుగా ఉంటుంది కాబట్టి దీనికి స్విస్ చీజ్ మోడల్ అని పేరు పడింది. క్యూప్రేట్లలో కూపర్ జంట పరిమాణం సుమారు రెండు నానోమీటర్లే కాబట్టి ఇలాంటి చిల్లులకు వీలుంది. జంటల పరిమాణం పెద్దగా ఉండే పాత లోహాల్లో ఒక్కో పరమాణువు ఇలా చిల్లు పొడవలేదు.

జింక్‌కు అయస్కాంత గుణం లేదు కదా, మరి దాని చుట్టూ అయస్కాంతత్వం కనిపిస్తుందని ఎందుకు అంటారు?

ఈ అంశం మొత్తంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే.

చాలామంది చేయీ చేయీ పట్టుకుని జతలుగా నిలబడ్డారనుకోండి. మధ్యలోంచి ఒక మనిషిని తీసేస్తే, ఆ మనిషి చేయి పట్టుకున్నవాళ్ళ చేయి ఖాళీ అవుతుంది. ఖాళీ చేయి కనిపించేది వెళ్ళిపోయిన మనిషికి కాదు, మిగిలిపోయిన మనిషికి. జింక్ చేసే పని ఇదే. జింక్‌కు స్పిన్ లేదు, కానీ అది వచ్చిందంటే అక్కడున్న రాగి స్పిన్ పోయినట్టే. ఆ స్పిన్‌ను గట్టిగా పట్టుకుని ఉన్న చుట్టుపక్కల రాగి స్పిన్‌లు ఇప్పుడు సమతూకం తప్పి బయటపడతాయి.

దీన్ని పట్టించింది ఎన్‌ఎంఆర్, అంటే పరమాణు కేంద్రకాల అయస్కాంత సంకేతాన్ని కొలిచే పద్ధతి. ఫ్రాన్స్‌లోని ఓర్సేలో ఆంరీ అలూల్ బృందం జింక్ కలిపిన యిట్రియం క్యూప్రేట్‌లో యిట్రియం కేంద్రకాల సంకేతాన్ని కొలిచింది. రాగి పొర పక్కనే కూర్చున్న యిట్రియం తన దగ్గర్లోని స్పిన్‌లను వింటుంది. జింక్ దగ్గరగా ఉన్న యిట్రియం కేంద్రకాల సంకేతం మిగతావాటి నుంచి వేరుపడి, ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ఒక స్వేచ్ఛా అయస్కాంతం దగ్గరున్నట్టే పక్కకు జరుగుతూ పోయింది. 1994లో వచ్చిన ఆ ఫలితం తర్వాత జింక్ బదులు లిథియం పెట్టి చూశారు. లిథియంకూ స్పిన్ లేదు, అయినా దాని చుట్టూ అదే అయస్కాంతత్వం. లాంథనమ్-స్ట్రాన్షియం క్యూప్రేట్‌లో అల్యూమినియంతోనూ అలాంటిదే కనిపించింది. అంటే ఇది జింక్‌కు మాత్రమే ఉన్న గుణం కాదు. స్పిన్ లేని ఏ పరమాణువు వచ్చినా పొర ఇలాగే స్పందిస్తుంది.

ఆ అయస్కాంతత్వం ఒక రాగి మీద ముద్దగా ఉండదు. జింక్‌కు ఆనుకుని ఉన్న నాలుగు రాగి స్పిన్‌ల నుంచి మొదలై, పైకి-కిందికి-పైకి అనే పాత వరసలోనే కొన్ని గళ్ళ దూరం వ్యాపించి క్రమంగా సన్నగిల్లుతుంది. అంటే హోల్స్ చేరి క్రమం చెదిరిపోయిన పదార్థంలో కూడా యాంటీఫెర్రో స్వభావం లోలోపల బతికే ఉందన్నమాట. జింక్ దాన్ని బయటికి లాగి చూపిస్తుంది. హోల్స్ తక్కువగా ఉన్నప్పుడు ఈ స్పందన బలంగా ఉంటుంది, హోల్స్ పెరిగేకొద్దీ చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు దాన్ని అణచివేస్తాయి.

నికెల్ ఎందుకు తక్కువ నష్టం చేస్తుంది?

నికెల్ అయాన్‌కు స్పిన్ ఒకటి, అంటే జత కుదరని ఎలక్ట్రాన్లు రెండు. వాటిలో ఒకటి పోయిన రాగి ఎలక్ట్రాన్ ఉన్న కక్ష్యలాంటి దానిలోనే ఉండి, చుట్టుపక్కల స్పిన్‌లను అదే తీరులో పట్టుకుంటుంది. వెళ్ళిపోయిన మనిషి చోటికి ఇంకొకరు వచ్చి అదే చేయి అందించినట్టు. స్పిన్‌ల అల్లిక పెద్దగా తెగదు.

పదార్థంలోకి న్యూట్రాన్లను పంపి స్పిన్‌ల కదలికను కొలిచే ప్రయోగాల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. యిట్రియం క్యూప్రేట్ అతివాహక స్థితిలో ఉన్నప్పుడు 41 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల (శక్తిని కొలిచే చిన్న ప్రమాణం) దగ్గర స్పిన్‌ల కదలికకు సంబంధించిన ఒక పదునైన శిఖరం కనిపిస్తుంది. జింక్ కలిపితే ఆ శిఖరం వెడల్పయి నీరసిస్తుంది. నికెల్ కలిపితే తక్కువ శక్తి వైపు జరుగుతుంది కానీ చెదిరిపోదు. క్యూప్రేట్లలో జంటలు కట్టించే జిగురు స్పిన్‌ల కదలికలే అని నమ్మేవాళ్ళకు ఇది బలమైన ఆధారం. అదొక్కటే కారణమని అందరూ ఒప్పుకోకపోయినా, స్పిన్ అల్లికను పాడుచేసేది అతివాహకతనూ ఎక్కువ పాడుచేస్తుందన్న పోలికను పక్కన పెట్టడం నాకైతే కష్టం.

ఒక్కో మాలిన్య పరమాణువును విడిగా చూడగలమా?

చూడగలం, చూశారు కూడా. 2000లో బర్క్‌లీలోని సీమస్ డేవిస్ బృందం ఉపరితలాన్ని పరమాణువు పరమాణువుగా చూపే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్‌తో బిస్మత్ క్యూప్రేట్ మీద ఒక్కొక్క జింక్‌నూ బొమ్మ తీసింది. జింక్ ఉన్నచోట మధ్యలో ఒక వెలుగు, దాని చుట్టూ నాలుగు దిక్కులకూ సాగిన శిలువ ఆకారం. డి-వేవ్ పువ్వు కళ్ళముందు అచ్చు పడినట్టుంటుంది. ఆ స్థితి శక్తి సున్నాకు చాలా దగ్గర, సుమారు మైనస్ 1.5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. చుట్టూ ఒకటిన్నర నానోమీటర్ల మేర అతివాహకత బాగా దెబ్బతిని కనిపించింది.

మరుసటి ఏడాది అదే పని నికెల్‌తో చేశారు. నికెల్ దగ్గర 9, 18 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల చుట్టూ రెండు స్థితులు వచ్చాయి. పైకి చూసే స్పిన్‌కు ఒకటి, కిందికి చూసే స్పిన్‌కు ఒకటి. నికెల్‌కు సొంత అయస్కాంత గుణం ఉందనడానికి అది గుర్తు. అయినా అక్కడ గ్యాప్ అంచులు చెదరలేదు, అతివాహకత నిలిచే ఉంది. ఈ రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే పై ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

గాడోలినియం ఒక శాతం ఉంటే లాంథనమ్ అతివాహకత పోయింది. క్యూప్రేట్‌లో గాడోలినియం కలిపితే?

ఏమీ కాదు. యిట్రియం మొత్తాన్ని, నూటికి నూరు శాతం, గాడోలినియంతో మార్చినా అతివాహక ఉష్ణోగ్రత 90 కెల్విన్‌లకు పైనే ఉంటుంది. పైగా 2.2 కెల్విన్‌ల దగ్గర గాడోలినియం స్పిన్‌లు తమలో తాము యాంటీఫెర్రో వరస కట్టుకుంటాయి, పక్క పొరలో అతివాహకత దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది. గాడోలినియం పొరల మధ్య కూర్చుంటుంది, జంటలు తిరిగే రాగి-ఆక్సిజన్ పొరను దాని స్పిన్ దాదాపు తాకదు.

దీనికి పేరున్న మినహాయింపు ప్రసియోడైమియం. దాని ఎలక్ట్రాన్ కక్ష్యలు ఆక్సిజన్ కక్ష్యలతో కలిసిపోయి, తిరగాల్సిన హోల్స్‌ను పట్టి ఉంచేస్తాయి. అందుకే యిట్రియం చోట అది పూర్తిగా చేరిన పదార్థం మామూలుగా అతివాహకం కాదు.

యాంటీఫెర్రో క్రమాన్ని చెరపాలంటే ఎంత జింక్ కావాలి?

హోల్స్ అయితే రెండు శాతం చాలు. జింక్ అయితే సుమారు 40 శాతం కావాలి.

తేడా ఇంతెందుకంటే, హోల్ తిరుగుతుంది. అది గంతేసిన ప్రతిసారీ పైకి-కిందికి వరస తప్పుతుంది. జింక్ కూర్చున్నచోటే కూర్చుంటుంది, అది పాడుచేసేది ఒక్క గడినే. గళ్ళ పలకలో యాదృచ్ఛికంగా గళ్ళు తీసేస్తూ పోతే 40.7 శాతం దగ్గర మిగిలిన గళ్ళ మధ్య తెగని దారి లేకుండా పోతుందని గణితం చెబుతుంది. దీన్ని పర్కొలేషన్ హద్దు అంటారు. 2002లో స్టాన్‌ఫర్డ్‌లోని మార్టిన్ గ్రెవెన్ బృందం లాంథనమ్ క్యూప్రేట్‌లో జింక్, మెగ్నీషియం కలిపి పెంచుకుంటూ వెళ్ళి, అయస్కాంత క్రమం దాదాపు ఆ హద్దు దాకా నిలిచిందని చూపింది. స్పిన్ సగమే ఉన్న క్వాంటమ్ వ్యవస్థ అంతకుముందే కూలిపోతుందని అనుకునే వీలున్నా, అది నిలబడింది.

జింక్ కలిపితే స్యూడోగ్యాప్ (అతివాహకత ఇంకా మొదలవకముందే, పై ఉష్ణోగ్రతల్లోనే కొంత గ్యాప్ కనిపించడం) కూడా పోతుందా?

పోదు. అతివాహక ఉష్ణోగ్రత బాగా పడిపోయినా, ఎన్‌ఎంఆర్‌లో స్యూడోగ్యాప్ మొదలయ్యే ఉష్ణోగ్రత దాదాపు ఉన్నచోటే ఉంటుంది.

చారలకూ జింక్‌కూ సంబంధం ఏమిటి?

రాగి ఒక్కింటికి ఎనిమిదో వంతు హోల్స్ ఉన్నప్పుడు కొన్ని లాంథనమ్ క్యూప్రేట్లలో హోల్స్ ఒక చార, అయస్కాంత క్రమం ఒక చార చొప్పున విడిపోతాయి. 1995లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జాన్ ట్రాంక్వాడా బృందం న్యూట్రాన్లతో వీటిని పట్టుకుంది. మామూలుగా ఈ చారలు కదులుతూ ఉంటాయి. జింక్ వాటికి మేకు కొట్టినట్టు పనిచేసి, కదిలే అయస్కాంతత్వాన్ని నిలబెట్టేస్తుంది. చారలు నిలబడితే అతివాహకత తగ్గుతుంది.

పరిశోధన పత్రాల్లో గ్రాఫులు చదివేటప్పుడు ఏం చూసుకోవాలి?

మొట్టమొదట శాతం దేనిలో శాతమో చూడండి. యిట్రియం క్యూప్రేట్ ఫార్ములాలో రాగి పరమాణువులు మూడు. రెండు పొరల్లో, ఒకటి గొలుసుల్లో (పొరల బయట ఒకే వరసగా సాగే రాగి-ఆక్సిజన్ దారాల్లో) ఉంటాయి. మొత్తం రాగిలో రెండు శాతం జింక్ కలిపారంటే, అదంతా పొరల్లోకే వెళ్ళినప్పుడు పొరలో మూడు శాతం అవుతుంది. ఈ చిన్న లెక్క మరిచిపోయి రెండు బృందాల ఫలితాలు కలవడం లేదని టెన్షన్ పడేవాళ్ళు ఉంటారు.

తర్వాత పరమాణువు నిజంగా ఎక్కడికి వెళ్ళిందో చూడండి. జింక్ ఎక్కువగా పొరల్లోకి వెళ్తుంది. కోబాల్ట్, అల్యూమినియం గొలుసుల వైపు మొగ్గుతాయి, ఇనుము కూడా చాలావరకు అంతే. ఇవి మూడు ధనావేశాల అయాన్లు కాబట్టి అదనపు ఆక్సిజన్‌ను లాక్కొచ్చి హోల్స్ లెక్కనే మార్చేస్తాయి. అప్పుడు ఉష్ణోగ్రత పడిపోయింది మాలిన్యం దెబ్బవల్లో, హోల్స్ తగ్గడంవల్లో విడదీసి చెప్పడం కష్టం. చెప్పుకోదగ్గ మార్గం ఇంకొకటి ఉంది: ఏమీ కలపకుండా వేగవంతమైన ఎలక్ట్రాన్లతో స్ఫటికాన్ని కొట్టి పొరల్లో లోపాలు పుట్టించడం. ఇలా చేసినా జింక్ కలిపినట్టే అతివాహక ఉష్ణోగ్రత పడిపోతుంది.

కావాలని కలపకపోయినా మాలిన్యం చేరుతుందా?

చేరుతుంది. స్ఫటికం పెంచేటప్పుడు కరిగిన మిశ్రమం మూసను, అంటే తనను కరిగించిన పాత్రను, కొరుకుతుంది. తొలి రోజుల్లో అల్యూమినా మూసలు వాడితే అల్యూమినియం గొలుసుల్లోకి చేరేది. 1990ల మధ్య నుంచి బేరియం జిర్కోనేట్ మూసలు వచ్చాక యిట్రియం క్యూప్రేట్ స్ఫటికాల శుద్ధి ఒక్కసారిగా పెరిగింది. ఆ మిశ్రమంతో బేరియం జిర్కోనేట్ దాదాపు కలవదు.

మాలిన్యాల వల్ల ఉపయోగం కూడా ఉందా?

ఉంది. అతివాహక తీగను బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే, క్షేత్రం సన్నని సుడులుగా లోపలికి దూరుతుంది. విద్యుత్తు పారేటప్పుడు ఈ సుడులు కదిలితే శక్తి వృథా అవుతుంది. వాటిని కట్టిపడేయాలంటే అతివాహకత లేని చిన్న చిన్న చోట్లు కావాలి. ఒక్కొక్క పరమాణువు కన్నా కొన్ని నానోమీటర్ల మందం ఉన్న కణాలు, స్తంభాలు ఈ పనికి బాగా పనికొస్తాయి. పదార్థం మిగతా భాగంలో అతివాహక ఉష్ణోగ్రత పెద్దగా తగ్గకుండా ఉండాలంటే ఆ కణాల పరమాణువులు రాగి పొరల్లోకి చొరబడకూడదు. యిట్రియం క్యూప్రేట్ టేపుల్లో ఇందుకు ఎక్కువగా వాడేది బేరియం జిర్కోనేట్‌నే. క్యూప్రేట్‌తో కలవదు కాబట్టే దానితో మూసలు చేశారు. కలవదు కాబట్టే పలుచని పొర పెరిగేటప్పుడు అది విడిపోయి, నిలువుగా నానో స్తంభాలుగా నిలుస్తుంది, సుడులు వాటిని పట్టుకుని ఆగిపోతాయి.